రుద్దుకున్నవారికి రుద్దుకున్నంత

యూరప్ చూసొచ్చిన మనవాళ్ళు పలకరించడానికి వెళ్ళినవాళ్ళకి మూడు సంగతులు చెప్తారు. అక్కడ రోడ్డు మీద కాగితం ముక్క కనబడదనేది ఒకటి, హారన్ వినబడదనేది రెండోది. నేపుల్స్ దాకా వెళ్ళనివాళ్ళు ఈ రెండూ నమ్మవచ్చు. మూడోది చెప్పేముందు కళ్ళజోడు తీసి తుడుచుకుని, గొంతు కాస్త తగ్గించి, "వాళ్ళకి మనలాగా మూఢనమ్మకాలు లేవండీ, అంతా సైన్సే" అంటారు. అని, ఫోటోలు చూడమని ఫోన్ మన చేతిలో పెడతారు.

ఆ ఫోటోల్లో ఏముంటుంది? రోమ్‌లో ఇంటి పెద్దాయన ఫౌంటెన్‌కి వీపు పెట్టి నిలబడి, కుడిచేత్తో ఎడమ భుజం మీదుగా చిల్లర విసురుతుంటాడు. ఫ్లారెన్స్ బజార్లో ఆయన శ్రీమతి కంచు అడవిపంది ముట్టె నిమురుతుంటుంది. మిలాన్‌లో అల్లుడుగారు నేల మీది ఎద్దు బొమ్మపై మడమ ఆనించి గిరగిరా తిరుగుతుంటాడు. ఎద్దు ఒంట్లో సరిగ్గా ఏ భాగం మీద తిరుగుతున్నాడో అత్తగారికి ఎవరూ చెప్పినట్టు లేదు. ప్రాగ్‌లో కుటుంబమంతా వరసగా నిలబడి ఒక కుక్కని రుద్దుతుంటుంది. సత్యనారాయణ వ్రతానికి పీటల మీద కూర్చోమంటే మోకాళ్ళ నొప్పి గుర్తొచ్చే పెద్దాయన, పంది ముట్టె కోసం ఎండలో అరగంట నిలబడ్డాడని కోడలు సాక్ష్యం చెప్తుంది.

ఇదేమిటండీ అంటే, "అబ్బే, సరదాకి! అక్కడ తరతరాలుగా వస్తున్న నమ్మకమట, గైడు చెప్పాడు" అంటారు. నాకు పేచీ ఉన్నది సరదాతో కాదు. ఆ 'తరతరాలుగా'తో.

రోమ్‌లో త్రేవీ ఫౌంటెన్‌ని తీసుకోండి. 1732లో నికోలా సాల్వి అనే వాస్తుశిల్పి పని మొదలుపెట్టి, పూర్తయ్యేది చూడకుండానే 1751లో పోయాడు. 1762కి గాని అది పూర్తికాలేదు. సముద్రదేవుడు, రెక్కల గుర్రాలు, వాటిని లాక్కొచ్చే జలపురుషులు, కొండరాళ్ళ మధ్యనుంచి దూకే నీళ్ళు. గంటసేపు కూర్చుని చూడదగ్గ పని. దాన్ని చూడకుండా ఉండటానికి మనిషి కనిపెట్టిన ఏకైక మార్గం, దానికి వీపు పెట్టి నిలబడటం. పందొమ్మిదో శతాబ్దంలో వచ్చిన యాత్రికులు మళ్ళీ రోమ్‌కి రావాలంటే ఆ నీళ్ళు తాగాలని చెప్పుకునేవారు. నీళ్ళు తాగాలంటే కనీసం ఫౌంటెన్ వైపు తిరగాలి కదా. ఇప్పటి పద్ధతి లోకమంతా పాకింది మాత్రం 1954లో వచ్చిన 'త్రీ కాయిన్స్ ఇన్ ద ఫౌంటెన్' అనే హాలీవుడ్ సినిమా పుణ్యమాని. మన స్థలపురాణాలకి కనీసం ఒక ముని, ఒక శాపం, ఒక రాక్షసుడు ఉంటారు. ఈ స్థలపురాణానికి ట్వంటియత్ సెంచురీ ఫాక్స్ వారున్నారు.

ఒక నాణెం వేస్తే మళ్ళీ రోమ్ వస్తారట, రెండు వేస్తే ప్రేమ దొరుకుతుందట, మూడు వేస్తే పెళ్ళట. పెళ్ళయి ముప్ఫయ్యేళ్ళు దాటి, పెళ్ళాం పక్కనే నిలబడి వీడియో తీస్తుండగా మూడు నాణేలు విసిరే ధైర్యవంతుల్ని నేను కళ్ళారా చూశాను. ఆవిడ కూడా "ఇంకోసారి వెయ్యండి, సరిగ్గా రాలేదు" అంది.

ఆ చిల్లర మాత్రం మంచి చోటికే పోతుంది, అది ఒప్పుకోవాలి. మునిసిపాలిటీ వాళ్ళు ఊడ్చి తీస్తారు, క్యాథలిక్ సేవాసంస్థ కారితాస్ ద్వారా అది పేదలకి చేరుతుంది. ఏడాదికి పది లక్షల యూరోల పైమాటే. పక్క సందులో మూత్రశాలకి ఒక యూరో అడిగితే "దోపిడీ అండీ, నిలువు దోపిడీ" అని గింజుకుని, హోటల్ దాకా ఓర్చుకునే మహానుభావుడే ఈ లెక్కలో సగం ఇచ్చి ఉంటాడని నా అనుమానం.

ఇక్కడ గోదావరి సంగతి ఎత్తక తప్పదు. రాజమండ్రి వంతెన మీదికి రైలు రాగానే కిటికీల్లోంచి చిల్లర విసిరే జనాన్ని చూసి, ఎదురు బెర్తులో కూర్చుని నవ్వేది ఈ పెద్దాయనే. "రూపాయి బిళ్ళ నదిలో వేస్తే ఏమొస్తుందమ్మా?" అని పాఠం మొదలెడతాడు. పై బెర్తు మీది కుర్రాడు వాట్సాప్ చూసి "పూర్వం రాగి నాణేలు కదండీ, నీళ్ళు శుద్ధి అవుతాయని పెద్దలు పెట్టారు" అని సైన్సు అందిస్తాడు. ఇప్పుడు వేసేది స్టెయిన్‌లెస్ స్టీల్ బిళ్ళ నాయనా, అది నీటిని కాదు కదా తనని తానే శుద్ధి చేసుకోలేదు అని ఎవరూ అనరు. సరే, ఆ సైన్సు ఎంత బూటకమో వదిలేద్దాం. కానీ కిటికీ దగ్గర కూర్చున్న ముసలమ్మ ఆ సైన్సు కోసం వేయలేదు. ఆవిడకి గోదావరి తల్లి. తల్లి ఇంటి ముందునుంచి పోతూ చేతిలో ఉన్నది పెట్టి, దణ్ణం పెట్టి, మళ్ళీ పల్లీలు వలుచుకుంటుంది. ఆ క్షణాన్ని ఎవరూ ఫోటో తీయరు. తీయాలని ఆవిడకీ లేదు.

త్రేవీ దగ్గర లెక్క సరిగ్గా దీనికి తిరగేసి ఉంటుంది. నాణెం నీళ్ళలో పడిందా లేదా అన్నది ఎవరికీ పట్టదు, ఫోటోలో పడిందా అన్నదే ప్రశ్న. పడకపోతే ఇంకో నాణెం. గైడు నమ్మడు. టికెట్లమ్మేవాడు నమ్మడు. ఐస్‌క్రీమ్ బండివాడు నమ్మడు. విసిరేవాడు కూడా నమ్మనని ప్రమాణం చేస్తాడు. ఒక్క భక్తుడు కూడా లేకుండా ఇంత భారీగా నడుస్తున్న ఉత్సవం ప్రపంచంలో ఇంకెక్కడా ఉండదు. వీసా కోసం చిలుకూరులో పదకొండు ప్రదక్షిణలు చేసి, వచ్చాక నూట ఎనిమిది పూర్తి చేసేవాడు కనీసం మాట మీద నిలబడే మనిషి. స్వామితో ఒప్పందం రాసుకున్నాడు, బాకీ తీర్చాడు. త్రేవీలో చిల్లర వేసినవాడు ఎవరితో ఏ ఒప్పందం చేసుకున్నాడో వాడికే తెలీదు.

రోమ్‌లోనే ఇంకోటుంది. శాంటా మరియా ఇన్ కాస్మెదిన్ అనే చర్చి ముందు వసారాలో పెద్ద గుండ్రటి పాలరాయి, దానిమీద నోరు తెరిచిన ముఖం. పేరు సత్యముఖం. అబద్ధాలకోరు చెయ్యి పెడితే నోరు మూసుకుని కొరికేస్తుందట. పాత రోమ్‌లో అది మురుగుకాలవ మూత అయి ఉంటుందని చాలామంది అంటారు. 1953లో 'రోమన్ హాలిడే'లో గ్రెగరీ పెక్ అందులో చెయ్యి పెట్టి, తెగిపోయినట్టు నటించి ఆడ్రీ హెప్‌బర్న్‌ని హడలగొట్టాడు. ఆ రోజునుంచి ఆ మూతకి దశ తిరిగింది. ఇప్పుడు వీధి దాకా క్యూ. నిజం ఒప్పుకోవాలంటే, మ్యాన్‌హోల్‌కి మూత ఉండటమే అబ్బురంగా చూసే నగరంనుంచి వెళ్ళినవాళ్ళం కాబట్టి మనవాళ్ళ ఉత్సాహాన్ని నేను అర్థం చేసుకోగలను. అయినా ఐటీ రిటర్నులు దాఖలు చేసే చేతినే అందులో పెట్టి, క్షేమంగా తీసుకుని, నవ్వుతూ ఫోటో దిగారంటే ఆ రాతికి పళ్ళు లేవని రుజువైపోయినట్టే కదా. ఇంకా క్యూ ఎందుకో!

ఫ్లారెన్స్‌లో పంది సంగతి క్లుప్తంగా చెప్పి వదిలేస్తాను. పియెత్రో తక్కా పదిహేడో శతాబ్దంలో పోతపోసిన అసలు విగ్రహం మ్యూజియంలో క్షేమంగా ఉంది, బజార్లో ఉన్నది నకలు. దాని నోట్లో నాణెం పెట్టి వదిలితే, కింద జాలీలోంచి జారి లోపల పడితే అదృష్టం. జాలీ కన్నాలు ఎలా ఉన్నాయంటే బరువైన నాణెమే బాగా పడుతుంది, చిన్న సెంట్లు పక్కకి దొర్లుతాయి. అదృష్టానికి కూడా రేటు కట్టారన్నమాట. ఇక్కడికి కొద్ది నిమిషాల నడకలో ఊఫీజీ మ్యూజియంలో బొత్తిచెల్లి గీసిన వీనస్ ఉంది. ప్యాకేజీలో ఇచ్చిన ఖాళీ సమయం నలభై నిమిషాలు. మనవాళ్ళు పంది దగ్గరే ఉన్నారు.

మిలాన్ ఎద్దు కథ మరీ ముచ్చటైనది. విక్తోరియో ఇమాన్యుయేలే గ్యాలరీ 1867లో తెరిచారు. అద్దాల కప్పు కింద నేలంతా రంగురాళ్ళ పొదుగు, మధ్యలో ఇటలీ నగరాల చిహ్నాలు. ఎద్దు తూరిన్ నగరానిది. పాపం దాని మర్మస్థానం మీద కుడి మడమ పెట్టి మూడుసార్లు తిరిగితే అదృష్టం కలిసొస్తుందని చెప్తారు. తిరిగి తిరిగి అక్కడ గుంట పడిపోయింది. మునిసిపాలిటీ బాగుచేయిస్తుంది, జనం మళ్ళీ తవ్వుతారు. ఆ గ్యాలరీ కట్టిన ఇంజినీరు జుసెప్పె మెంగోని 1877 డిసెంబరు 30న, పనంతా పూర్తయిందనుకుంటుండగా, సారవ మీదనుంచి జారి పడి చనిపోయాడు. ఎద్దుని అక్కడ పెట్టించినవాడికే దక్కని అదృష్టం మడమ తిప్పినవాడికి దక్కుతుందని ఏ ధైర్యంతో నమ్మాలి?

ప్రాగ్ కుక్క గురించి మాత్రం తీరిగ్గా మాట్లాడుకోవాలి. అది ఈ శాస్త్రానికి ఉపనిషత్తు.

వల్టావా నది మీద చార్ల్స్ వంతెన 1357లో మొదలెట్టారు. దానిమీద విగ్రహాల్లో పాతది నెపోముక్ జాన్ అనే సాధువుది, 1683లో పెట్టారు. ఈ సాధువుని 1393లో రాజు నాలుగో వెన్సెస్లాస్ మనుషులు వంతెన మీదనుంచి నదిలోకి తోసి చంపారు. రాణి తనకి చెప్పుకున్న రహస్యాన్ని రాజుకి చెప్పనన్నాడని కథ. ఒక మఠానికి అధిపతిగా ఎవరుండాలన్న తగవులో రాజుకి ఎదురెళ్ళాడని చరిత్ర. ఏదైతేనేం, ప్రాణం పోగొట్టుకున్నవాడు. విగ్రహం పీఠానికి రెండు కంచు పలకలున్నాయి. ఒకదాని మీద సాధువుని నదిలోకి తోస్తున్న దృశ్యం. దాన్ని తాకితే అదృష్టమని, మళ్ళీ ప్రాగ్ వస్తారని చెప్తారు. సరే, అమరుడైన మనిషి, తాకనీ. రెండో పలక మీద ఒక యోధుడు తన కుక్కని నిమురుతుంటాడు. కథకి ఆ కుక్క చేసిన సేవ ఏమీ లేదు. సాధువుతో పాటు నదిలో దూకలేదు, రాజుని కరవలేదు. యజమాని నిమురుతున్నాడు కదా అని ఎవడో ఒకడు తనూ నిమిరాడు. అక్కడ కాస్త మెరిసింది. మెరిసింది కదా, ఏదో ఉండే ఉంటుందని రెండోవాడు రుద్దాడు. ఇప్పుడు పలకంతా నల్లగా, కుక్క ఒక్కటే బంగారంలా ధగధగలాడుతోంది.

నేను అక్కడ ఉండగా ఒక తెలుగు కుటుంబం వచ్చింది. ఇల్లాలు అడిగింది, "దీన్ని రుద్దితే ఏమవుతుందండీ?" ఆయన అన్నాడు, "ఏమో, అందరూ రుద్దుతున్నారుగా." ఆవిడ కొంగుతో చెయ్యి తుడుచుకుని రుద్దింది. ఒక మతం ఎలా పుడుతుందో చూడ్డానికి టికెట్ లేకుండా దొరికిన అవకాశం అది.

బ్రసెల్స్‌లో 1356లో ఊరిని ఫ్లెమిష్ సేననుంచి విడిపించిన ఎవరార్డ్ త్‌సెర్‌క్లాస్ అనే వీరుడి విగ్రహం ఉంది, పడుకుని ఉంటాడు. 1902 నాటిది. చెయ్యి రుద్దుతారు, కాళ్ళ దగ్గర కుక్కనీ వదలరు. యూరప్‌లో కుక్కగా పుట్టినా కంచు కుక్కగా పుట్టకూడదు. అదే ఊళ్ళో పదిమంది తోసుకుంటూ చూసే మానెకెన్ పిస్ అనే బుడ్డోడి బొమ్మ మూరెడు కన్నా కాస్త పొడుగు, అదీ నకలే. దాన్ని తాకాలని ఎవరూ ప్రయత్నించరు, ఎందుకో తెలిసిందే. బ్రెమెన్‌లో గాడిద మీద కుక్క, కుక్క మీద పిల్లి, పిల్లి మీద కోడి నిలబడ్డ విగ్రహం 1953లో పెట్టారు. గాడిద ముంగాళ్ళు రెండూ రెండు చేతులతో పట్టుకుంటేనే ఫలితం. ఒంటిచేత్తో పట్టుకుంటే ఒక గాడిద ఇంకో గాడిదకి షేక్‌హ్యాండ్ ఇస్తున్నట్టని ఆ ఊరివాళ్ళే నవ్వుతారు. మొత్తం యాత్రలో నేను విన్న నిజాయితీగల గైడు మాట అదొక్కటే. పైగా గ్రిమ్ సోదరుల కథలో ఆ నాలుగు జంతువులూ బ్రెమెన్‌కి చేరనే చేరవు, దారిలో దొంగల ఇంట్లోనే స్థిరపడతాయి. రాని అతిథులకి గుడి కట్టిన ఊరది.

ఇంతవరకు నవ్వుకోవచ్చు. వెరోనాకి వచ్చేసరికి నాకు నవ్వు ఆగిపోతుంది.

జూలియెట్ ఇల్లని చూపించే పాత భవనం కపెల్లో అనే కుటుంబానిది. నాటకంలో జూలియెట్ ఇంటిపేరైన కపులెట్‌కి దగ్గరగా ఉందని ఆవిడకి రాసిచ్చారు. ఆవిడ అసలు పుట్టలేదన్నది చిన్న ఇబ్బంది. బాల్కనీ? 1930ల్లో బాగుచేతల్లో భాగంగా పాత రాళ్ళతో అతికించారు. షేక్‌స్పియర్ పోయి మూడు వందల ఏళ్ళు దాటాక బాల్కనీ వచ్చిందన్నమాట. పెరట్లో 1972లో జూలియెట్ కంచు విగ్రహం నిలబెట్టారు, ఆ రొమ్ము మీద చెయ్యి వేస్తే ప్రేమలో అదృష్టమన్నారు. 'తరతరాలు' అంటే ఇంతే, మా ఇంటి గోద్రెజ్ బీరువా కన్నా చిన్నది ఈ సంప్రదాయం. చేతులు పడి పడి విగ్రహం పగులిచ్చింది. 2014లో దాన్ని లోపలికి తీసుకెళ్ళి నకలు పెట్టారు. పదేళ్ళు తిరిగేసరికి నకలుకీ అదే చోట చిల్లు పడింది.

నాటకంలో జూలియెట్‌కి ఇంకా పద్నాలుగేళ్ళు నిండలేదు. ఇది షేక్‌స్పియర్ స్పష్టంగా చెప్పిన విషయం. పదమూడేళ్ళ పిల్ల బొమ్మ ముందు తండ్రులు, తాతలు, కాలేజీ కుర్రాళ్ళు వరస కట్టి, ఆ చోట చెయ్యి వేసి, నవ్వుతూ, బొటనవేలు ఎత్తి ఫోటో దిగుతున్నారు. అమ్మాయిలు కూడా నిలబడి దిగుతున్నారు. 'నమ్మకం' అన్న మాట తీసేసి ఆ పెరట్లో దృశ్యాన్ని ఒక్క నిమిషం చూడండి. ఊళ్ళో బస్సులో ఇదే పని చేస్తే చెప్పు తీసుకుని కొట్టే ఆడవాళ్ళే, ఇక్కడ భర్తకి యాంగిల్ సరిచేస్తున్నారు.

డబ్లిన్‌లో ఇదే తంతు. చేపలమ్ముకునే మాలీ మలోన్ పాటలో మనిషి. ఆమె విగ్రహం 1988 నాటిది. ఛాతీ మీద చెయ్యి వేస్తే అదృష్టమని టూరు గైడ్లు ప్రచారం చేశారు, కంచు రంగంతా లేచిపోయింది. ఇది అసహ్యమని ఆ ఊరి ఆడపిల్లలే ఉద్యమం మొదలెట్టారు. 2025లో నగరపాలక సంస్థ కొన్నాళ్ళు విగ్రహం దగ్గర మనుషుల్ని నిలబెట్టి చేతులు వేయొద్దని చెప్పించాల్సి వచ్చింది. ఒక కంచు బొమ్మకి బందోబస్తు! అదృష్టం ఎప్పుడూ ఆడ విగ్రహం ఛాతీ దగ్గరే ఎందుకు కాపురం పెడుతుందో, మోచేతి దగ్గర ఎందుకు పెట్టదో ఏ గైడూ చెప్పడు.

పారిస్ మగవాళ్ళకి కూడా న్యాయం చేసింది, అది వేరే మాట. పేర్ లషేజ్ శ్మశానంలో విక్తోర్ న్వార్ అనే పాత్రికేయుడి సమాధి ఉంది. 1870 జనవరిలో నెపోలియన్ వంశపు రాజకుమారుడు పియెర్ బొనపార్త్ కాల్చి చంపాడు. ఆ అబ్బాయికి ఇరవైయొక్కేళ్ళు. చక్రవర్తికి వ్యతిరేకంగా జనం వీధుల్లోకి వచ్చిన సందర్భం. శిల్పి దలూ 1891లో అతను నేలకొరిగినట్టే, టోపీ పక్కన పడినట్టే కంచులో పోశాడు. ప్యాంటు ముందు భాగం కాస్త ఉబ్బెత్తుగా పోశాడు. అంతే, రాజకీయ హత్యకి బలైన పాత్రికేయుడు సంతానప్రదాత అయిపోయాడు. పిల్లలు కావాలనుకునేవాళ్ళు అక్కడ రుద్దుతారు. 2004లో చుట్టూ కంచె కడితే నిరసనలు వచ్చి తీసేశారు. పత్రికా స్వేచ్ఛ కోసం కూడా అంత పట్టుదలగా నిరసన చేసి ఉంటే ఆ కుర్రాడి ఆత్మ శాంతించేది.

అదే ఊరి పోంట్ దేజార్ వంతెనకి ప్రేమికులు తాళాలు వేసి, చెవి సేన్ నదిలో పారేసేవారు. 2014లో బరువుకి రెయిలింగ్ ముక్క ఒకటి కూలింది. మరుసటేడు తాళాలన్నీ ఊడదీస్తే దాదాపు 45 టన్నులు తేలాయి. విడాకులు తీసుకున్న జంటలు వచ్చి తమ తాళం వెతికి తీసుకుపోయే నియమం పెట్టి ఉంటే వంతెన దానంతటదే తేలికపడేదేమో.

ఇక ఎడిన్‌బరో. మన పిల్లలు చదువుకోవడానికి వెళ్ళే ఊరు కాబట్టి చాలామందికి తెలిసే ఉంటుంది. అక్కడ రాయల్ మైల్ వీధిలో డేవిడ్ హ్యూమ్ విగ్రహం 1990ల్లో పెట్టారు. గ్రీకు తత్త్వవేత్తలా వస్త్రం చుట్టుకుని, చెప్పుల్లేకుండా కూర్చుని ఉంటాడు. ఈయన 1748లో అచ్చయిన పుస్తకంలో మహిమల మీద ఒక వ్యాసం రాశాడు. ఎవరైనా మహిమ జరిగిందని చెప్తే, ఆ మహిమ జరగడం ఎక్కువ ఆశ్చర్యమా, చెప్పినవాడు పొరబడటమో అబద్ధమాడటమో ఎక్కువ ఆశ్చర్యమా తూచి చూసుకోమన్నాడు. రెండిట్లో తక్కువ ఆశ్చర్యమైనదాన్నే నమ్మమన్నాడు. ఇలాంటి మాటలు ఆలోచించే మనిషని, నాస్తికుడని, 1745లో ఆ ఊరి విశ్వవిద్యాలయం ఆయనకి ఆచార్య పదవి ఇవ్వలేదు.

ఇప్పుడు అదే విశ్వవిద్యాలయం పిల్లలు పరీక్షలముందు వచ్చి ఆయన బొటనవేలు రుద్దుతారు. తెలివి అంటుకుంటుందట. టూరిస్టులు వాళ్ళని చూసి రుద్దుతారు. ఆయన రాసిన వ్యాసం ఏ గ్రంథాలయంలోనైనా దొరుకుతుంది, ఉచితంగా, క్యూ కూడా ఉండదు.

నేను ఫోటో తీద్దామని ఆగేసరికి అక్కడ ఒక తెలుగు తండ్రి, పక్కన బీటెక్ అయ్యాక ఎమ్మెస్‌కి వచ్చిన కొడుకు. కుర్రాడు సిగ్గుపడుతూ వేలిని ఒక్కసారి అలా తాకి వెనక్కి వచ్చాడు. తండ్రి ఊరుకోలేదు. "అలా కాదురా, గట్టిగా రుద్దు. నీకు రెండు బ్యాక్‌లాగులు ఉన్నాయి."